మలుపు కాడి బ్రహ్మరాక్షసుడు అడిగిన ప్రశ్నలు

జ్వరం గోలీలు బాపు చేతికి అందినాయా లేదా? మల్లికకు కావాల్సింది ఈ ఒక్క మాట. వీరేశం నోట్లోంచి అది తప్ప అన్నీ వస్తున్నాయి.

అడవిలో గొర్ల మందతో ఉన్న తండ్రి చలిజ్వరం పట్టి లేవలేకుండా ఉన్నాడని నిన్న ఒక కాపరి కబురు తెచ్చాడు. అక్కడ ఫోన్ పలకదు. అమ్రాబాద్ దవాఖాన నుంచి తెచ్చిన గోలీలను పొద్దున్నే వీరేశానికిచ్చి పంపింది. ఊళ్లో బండ్లున్నోళ్లంతా అచ్చంపేట సంతకు పోతే, "నేనున్న గద చెల్లె, ఫికర్ జెయ్యకు" అని రొమ్ము విరుచుకొని ముందుకొచ్చినవాడు అతనొక్కడే. మొన్ననే ఆ తోవలో, మూలమలుపు కాడ, పులి ఆవును కొట్టింది. అందుకే మధ్యాహ్నానికి బిక్షమ్మ చాయ్ హోటల్ ముందర బండి ఆపి అతను దిగగానే మల్లిక ఉరికొచ్చింది.

"బాపు ఎట్లున్నడన్నా?"

"ఆడికే వస్తున్న చెల్లె, జర ఊపిరి తీసుకోనియ్యి. మలుపు కాడ ఒక ఎలుగు అడ్డమొచ్చింది. వేరేటోడైతే హారన్ కొట్టి సచ్చేటోడు. నేను బండి బంద్ జేసి దాని కండ్లలకు సూసిన. తల దించుకొని పక్కకు జరిగింది."

"ఎలుగుకు చూపు సక్కగ ఆనదు కదరా," అన్నాడు బల్ల చివరన కూర్చున్న బక్కయ్య తాత.

"నా సూపు ఆనింది తాత. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఎలుగు పోయింది, గాలి ఆగింది, పిట్ట అరుస్తలేదు. తోవకు అడ్డంగ రెండు తాటిచెట్ల ఎత్తున బ్రహ్మరాక్షసుడు! 'పట్నంల ఏండ్లకేండ్లు గ్రూప్ టూ కోచింగ్ తీసుకున్న వీరేశానివి నువ్వేనా' అన్నడు."

"గట్లనా! నౌకరీ ఇయ్యనీకె వచ్చిండా?" అంది బిక్షమ్మ గిన్నె దించుతూ.

"నవ్వకు అత్త. 'నా ప్రశ్నలకు జవాబు చెప్తె తోవ ఇస్త, లేకుంటె బండితోని సహ మింగుత' అన్నడు. మొదటిది పురాణం. పాండవులల్ల అందరికన్న చిన్నోని శంఖం పేరేంది? వాడు నోరు మూయకముందే మణిపుష్పకం అన్న. అన్ననో లేదో, సర్రున ఒక తాటిచెట్టు పొడుగు తగ్గిండు. రెండోది పట్నాలది. రెండు ఖండాల మీద కాళ్లు సాపిన పట్నమేది? ఇస్తాంబుల్! ఇంకింత కుంగిండు. మూడోది సాహిత్యం, సీసపద్యం ఒంటరిగ నిలవదు, దాని కింద ఏముండాలె? తేటగీతన్న ఉండాలె, ఆటవెలదన్న ఉండాలె అన్న. అప్పుడు వానికి కోపమొచ్చింది. 'ఇప్పటిసంది నువ్వు తప్పు జెప్తే నిన్ను గాదు, అవతల గొంగడి కప్పుకొని వణుకుతున్న కాపరిని తింట' అన్నడు."

మల్లిక వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి. రాక్షసుడు లేడని ఆమెకు తెలుసు. కానీ గొంగడి కప్పుకొని వణుకుతున్న మనిషి ఉన్నాడు. పులి ఉంది. ఇతని కోతల్లో ఏది పొట్టో ఏది గింజో తేల్చుకోలేకపోయింది.

"అన్నా, ఆ మాటలు వద్దు. బాపు గోలీ మింగిండా?"

"వస్తున్న, వస్తున్న. నాలుగోది సంగీతం. మేక ఏ స్వరంల అరుస్తది? గాంధారం అన్న! అంతే, అడవిలున్న మేకలన్ని ఒక్క గొంతుతోని గాంధారం ఎత్తుకున్నయి. పులి ఒక దిక్కు, చిరుత ఒక దిక్కు కూసొని తోకలతోని తాళమేస్తున్నయి. ఇగ ఆఖరిది తిండి ముచ్చట. హోటల్ల వన్ బై టూ అంటె ఏందని అడిగిండు."

"గది నీకు తెల్వకుంటె ఎవరికి తెలుస్తది? ఏనాడన్న పూర చాయ్ చెప్పినవా?" అంది బిక్షమ్మ.

బక్కయ్య తాత పగలబడి నవ్వాడు. వీరేశం నవ్వలేదు. గొంతు ఇంకా పెంచాడు. "ఒక చాయ్, రెండు కప్పులు అన్న. దెబ్బకు బొటనవేలంతయి బండి హ్యాండిల్ మీద కూసున్నడు. 'అన్నా, నాకు సుత కోచింగ్ ఇయ్యి' అని ఏడ్సిండు!"

"బాపు ఏమన్నడు?" మల్లిక ఒక అడుగు ముందుకేసింది.

"బాపా? మస్తు ఖుషైండు. గోలీ మింగి లేచి కూసున్నడు. నాకు పాలు వోసిండు. మంద దాటేదాంక సాగనంపిండు." వీరేశం తెల్లటి తువాలతో మొఖం తుడుచుకున్నాడు.

మల్లిక అతని నొసలు చూసింది. తర్వాత తువాల చూసింది.

"బండారి ఏదన్నా?"

"ఏం బండారి?"

"మా మందకు ఎవ్వరొచ్చినా, తిరిగిపోయేటప్పుడు మల్లన్న పేరు జెప్పి నొసటికి పసుపు బండారి పెట్టకుండ బాపు తోలడు. పెట్టకుంటె మందకు కీడని నమ్ముతడు. అటవీ ఆఫీసర్‌కు సుత టోపీ తీపిచ్చి పెట్టిండు. నువ్వు మొఖం తుడిస్తె తువాలకు పసుపు మరక కూడ అంటలే."

మల్లిక బండి దగ్గరికి నడిచి ట్యాంకు కవరులో చెయ్యి పెట్టింది. గోలీల పొట్లం కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"మలుపు దాంక పోయిన చెల్లె," అన్నాడు వీరేశం. "పొదల ఏదో కదిలింది. బండి మర్లేసిన. గోలీలు ఇయ్యకనే తిరిగొచ్చిన్నని ఎట్ల చెప్పాలె?"

"మా బాపు సస్తుంటె శంఖాల పేర్లు చెప్తవా? ఎక్కు, వెనక కూసో."

"ఒద్దు బిడ్డా, పులి మసులుతున్నదట," బిక్షమ్మ చెయ్యి పట్టుకుంది.

"జ్వరం పులి కోసం ఆగదు అత్త. బండి నేను తోల్త. దారి అన్నకు తెలుసు, మలుపు దాంకనన్న." తాళం తిప్పింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

ఊరు దాటాక చెట్లు దగ్గరికొచ్చాయి. మబ్బుకు మధ్యాహ్నమే మసకేసింది. మలుపు కనబడగానే కుడిపక్క పొద కదిలింది. మల్లిక బండి ఆపలేదు.

"అన్నా, ఏదన్న మాట్లాడు. పురాణమో పట్నమో, ఏదో ఒకటి అడుగు. సప్పుడు లేకుంటె నాకు భయమైతాంది."

వెనక నుంచి పండ్లు కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. పట్నంలో ఏండ్లకేండ్లు చదివిన వీరేశానికి అడగడానికి ఒక్క ప్రశ్న దొరకలేదు.