మధ్యలో ఒక సీటు

(టికెట్ల ఆఫీసు. కంప్యూటరు ముందు అమ్మాయి. ఎదుటి కుర్చీలో, రోడ్డవతల టైల్స్ షాపు అన్నదమ్ముల్లో పెద్దాయన.)

“మళ్ళీ ఏమైందమ్మా?”

“మళ్ళీ తిరుగుతోంది బాబాయ్‌గారూ. ఆగండి.”

“గంట నుంచీ తిరుగుతూనే ఉంది! ఈపాటికి మేం అక్కడికి పోయి రావాల్సింది. మొదటి విమానానికి సీట్లు చిటికెలో ఇచ్చావుగా?”

“అది టికెట్ అమ్మినవాళ్ళ విమానం. అక్కడ దిగి ఎక్కే రెండోది ఇంకో కంపెనీది. వాళ్ళ సైట్‌లోకి వేరే నంబరుతో వెళ్ళి సీట్లు అడగాలి.”

“సరుకు నేనమ్మి, డెలివరీ పక్క కొట్టువాణ్ణి అడుక్కో అంటే ఊరుకుంటావా నువ్వు?”

“ఊరుకోను. కానీ నేనేం చెయ్యను?”

“సరే, మొదటిదాంట్లో ఎక్కడిచ్చావు?”

“మీకు పన్నెండో వరస. తమ్ముడుగారికి ఇరవై ఏడు.”

“బాగుంది. రెండోదాంట్లోనూ అంతే. నేను తలుపు దగ్గర, వాడు తోక దగ్గర.”

“తమ్ముడుగారు కూడా పొద్దున ఫోన్ చేసి అదే అన్నారు.”

“ఏమని?”

“మీకు దూరంగా ఇమ్మని.”

“అన్నాడా? వాడే అన్నాడా?”

“మీరూ అదేగా అంటున్నారు!”

“నేనంటే వేరు. పెద్దవాణ్ణి.”

“ఇదెక్కడి లెక్క బాబాయ్‌గారూ? మూణ్ణెల్లయింది మీరిద్దరూ మాట్లాడుకొని. షాపు మధ్యలో టైల్స్ పెట్టెలు గోడలా పేర్చారు.”

“ఎవరు చెప్పారు?”

“నా కిటికీలోంచి కనిపిస్తోందిగా.”

“కొనేవాళ్ళ ముందు ‘నీకు తెలీదు, కూర్చో’ అన్నాడమ్మా నన్ను. వాడికి టైలు పట్టుకోవడం నేర్పింది నేను. అందుకే పంచుకుంటున్నాం. టైల్స్ ఏజెన్సీ ఇద్దరి పేరు మీద ఉంది, ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టమన్నారు ఆ విదేశీ ఫ్యాక్టరీవాళ్ళు. పెట్టేస్తాం, షాపు రెండవుతుంది. ఈలోపు వాడి మొహం చూడాల్సిన అవసరం... ఏమైంది, వచ్చిందా?”

“వచ్చింది. సీట్ల బొమ్మ రావట్లేదు, ఖాళీగా ఉన్నవాటి నంబర్లే వచ్చాయి. అయ్యో, మూడే ఉన్నాయి!”

“మూడేనా?”

“మనం మాట్లాడుకునేలోపు ఒకటి పోయింది. ఇక మిగిలినవి ముప్పై ఒకటి ఏ, ముప్పై ఒకటి సీ.”

“ఒకే వరసా? ఇంకెక్కడా లేవా?”

“మిగతావి ఎయిర్‌పోర్టులో వాళ్ళిష్టం. ఏ మూల వేస్తారో.”

“ఆగు, ఆగు. పొద్దున చెప్పావుగా, ఏ అంటే కిటికీ పక్కది, బీ మధ్యది, సీ నడవ పక్కది అని?”

“అవును, మొదటి విమానంలో.”

“అయితే మా ఇద్దరి మధ్యా బీ ఉంటుంది. అందులో ఎవడో ఒకడు కూర్చుంటాడు. లావుపాటివాడైతే మరీ మంచిది, గోడ కట్టక్కర్లేదు. తీసుకో.”

“మీకు సీ పెడతాను. లేవడానికి వీలు.”

“వద్దు, వాడికి పెట్టు. షుగరు వాడికి. గంటకోసారి లేస్తాడు. కిటికీ పక్కన కూర్చోబెడితే నా కాళ్ళు తొక్కుకుంటూ పోవాలి. నా కాళ్ళ కోసమే చెబుతున్నా.”

“మీ కాళ్ళ కోసమే.”

“నవ్వకు. వాడి భోజనం కూడా షుగరువాళ్ళది రాయి. వాడికి గుర్తుండదు.”

“రాశాను. నొక్కేశాను. అయిపోయింది... ఆ, ఇప్పుడొచ్చింది బొమ్మ. బాబాయ్‌గారూ!”

“ఏంటి? బీలో ఎవరో ఉన్నారా?”

“బీ లేదు.”

“అమ్ముడుపోయిందా? పోనీ.”

“అసలు బీ అనే సీటే లేదు. ఇది పెద్ద విమానం, కిటికీ వైపు రెండేసి సీట్లే; అయినా నడవ పక్కదాన్ని సీ అనే అంటారు. ఇటు చూడండి. ఏ, దాన్ని ఆనుకొని సీ. అంతే.”

“అంటే?”

“మీరు, తమ్ముడుగారు. మధ్యలో ఎవరూ లేరు.”

“ఎన్ని గంటలు?”

“తొమ్మిది.”

“తొమ్మిది గంటలా!”

“కంగారు పడకండి. ఇప్పుడే నలభై నాలుగో వరసలో ఒకటి ఖాళీ చూపిస్తోంది. తమ్ముడుగారిని అక్కడికి మార్చేస్తాను, పైసా కట్టక్కర్లేదు. మార్చనా? బాబాయ్‌గారూ? త్వరగా చెప్పండి, ఇదీ పోతుంది.”

“ఈ రెంటి మధ్యా చెయ్యి పెట్టుకునేది ఉంటుందా?”

“ఉంటుంది. కావాలంటే పైకి లేపేయొచ్చు కూడా.”

“ఉంచు.”

“దేన్ని?”

“సీట్లనే. ఉన్నవి ఉన్నట్టు ఉంచు.”

“మరి తమ్ముడుగారు అడిగితే ఏం చెప్పను? దూరంగా ఇమ్మన్నారుగా?”

“ఏ, సీ అని చెప్పు. బీలో ఎవరో లావుపాటాయన ఉన్నాడని చెప్పు.”