గూడ్సుబండిని పట్టి ఆపిన మారయ్య పన్ను

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ రెండో గేటు ముందు, బక్కమ్మ చాయ్ కొట్టు బెంచీ మీద కూర్చొని మారయ్య గొంతు సవరించుకున్నాడంటే, చేతిలో చాయ్ చల్లారిపోయినా ఎవడూ లేవడు. ఇరవై ఏళ్లుగా ప్యాకింగులో బస్తాలు మోస్తున్న మనిషి. మోసిన బస్తాల కంటే కోసిన కోతలే బరువని తోటి హమాలీ పోచయ్య అంటాడు.

ఆ మధ్యాహ్నం లారీలు రాలేదు. లోడింగు కూలీ బెంజమిన్ వచ్చి మారయ్య ఎదురుగా కూర్చున్నాడు. అతనికి కోతలు అక్కర్లేదు, ఒక్క జవాబు కావాలి. నాలుగు నెలల కింద లారీ మీద టార్పాలిన్ బిగిస్తుంటే తాడు కొక్కెం ఎగిరి తగిలి, మీది వరుసలో ముందుపన్ను ఊడిపోయింది. కాంట్రాక్టరు వచ్చి చూసి ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పి పోయాడు. కూలివాని రెక్కలు కంపెనీకి కావాలి, నోరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అయితే బెంజమిన్‌కు ఆ నోటితోనే పని. పెళ్లిళ్లకు బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మీది ముందుపండ్లు ఆనితేనే క్లారినెట్ మూతి నోట్లో నిలుస్తుంది. ఆనే జాగాలో సందు పడి గాలి పక్కలకు పోతున్నది. నాలుగు నెలల నుంచి వాయిద్యం సంచిలోనే ఉంది. మరో నెల చూసి వేరేవాణ్ణి పెట్టుకుంటానని బ్యాండు మేస్త్రి చెప్పేశాడు.

నల్గొండ సర్కారు దవాఖానలో పండ్ల డాక్టరు బ్రిడ్జి వేస్తానన్నాడు. సందుకు అటూ ఇటూ ఉన్న రెండు పండ్లను సన్నగా గీకి, వాటికి టోపీల్లాంటి క్యాపులు తొడిగి, ఆ క్యాపుల నడుమ కొత్త పన్నును పట్టి ఉంచుతారు. మూడూ కలిసి ఒకే ముక్క. రేపే తారీఖు. పుచ్చిన పన్నును ముట్టుకుంటే ఒక అర్థముంది, నిక్షేపంలాంటి పండ్లను గీకడమేమిటని బెంజమిన్ భయం.

"మారన్నా, నువ్వు రెండేండ్ల కింద బ్రిడ్జి ఏపిచ్చుకున్నవంట గదా. నొస్తదా?"

మారయ్య ఎడమ దవడ మీద చెయ్యి పెట్టుకొని, వెనక పండ్ల దిక్కు ఒక వేలు చూపించి, నోరు మాత్రం తెరవకుండా నవ్వాడు.

"నొప్పి సంగతి తర్వాత, తమ్మీ. ముందుగాల నేను డాక్టరుకు ఒకటే మాట జెప్పిన. సారూ, నాకు సూది గీది వద్దు, తిమ్మిరెక్కుడు వద్దు, మామూలుగనే గీకుమన్న. గాయన నా మొకం జూసిండు. ఇరవై ఏండ్ల సర్వీసుల గిసొంటి మనిషిని సూడలేదన్నడు."

"గంతవరకు నమ్మొచ్చు," అన్నాడు పోచయ్య.

"ఇగ మిషిను పెట్టిండు. గిర్రున తిరుగుతది దాని ముల్లు. నా పన్నుకు తాకిందో లేదో, టక్కున ఇరిగింది. రెండోది పెట్టిండు, అదీ ఇరిగింది. ఏడు ముల్లులు! ఎనిమిదోది వజ్రం ముల్లంట, అలమారల తాళమేసి పెట్టుకుంటరంట. అది పెడితే నిప్పురవ్వలు లేసినయ్. పక్క కుర్చీల పేషెంటు గా రవ్వతోని బీడీ ముట్టిచ్చుకున్నడు."

"దవాఖానల బీడీ తాగనిస్తరా?" అన్నాడు పోచయ్య.

"గా రవ్వల పొగల ఎవడు తాగుతుండో డాక్టరుకేం కనబడుతది? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? అచ్చు తీసుకునుడు. రేకు తట్టల గోధుమపిండి ముద్దసొంటిది పెట్టి నోట్లకు నొక్కుతరు. గట్టిపడ్డంక తీస్తే పండ్ల అచ్చు పడుతది. నేను జర కొరికిన, గంతే. డాక్టరు గుంజిండు, రాలే. నర్సమ్మలిద్దరు గుంజిండ్రు. వాచ్‌మెన్ వచ్చి గోడకు కాలుపెట్టి గుంజిండు. అఖీరుకు ఊడొచ్చిందిగని, నేను కూసున్న కుర్చీ గూడ నేలల నించి బోల్టులతోని సహా లేసొచ్చింది."

బెంజమిన్ నవ్వలేదు. "గీకిన పండ్లు జివ్వుమనలేదా అన్నా? చల్లనీళ్లు తాగితే?"

"చల్లనీళ్లా? ఐసుగడ్డ నమిలిన! ఇను. గా అచ్చు హైదరాబాదు ల్యాబుకు పోయింది. ఆడ క్యాపులు చేసేటోళ్లు జూసి, ఇది మనిషిది కాదు, పులిదన్నరు. అడవి శాఖకు ఫోన్ గొట్టిండ్రు. వాళ్లు జీపేసుకొని నల్గొండకొచ్చి, పులి ఏ వార్డుల ఉందని అడిగిండ్రు. గప్పుడు నేనే లేసి, పులిని నేనే సారూ, కూసోండ్రి, చాయ్ తాగుతరా అన్న."

బెంచీలు కదిలిపోయేలా నవ్వారు. బక్కమ్మ మాత్రం పొయ్యి దగ్గర పాలు తిప్పుతూ ఉంది. మారయ్య కథను ఆమె రెండేళ్లుగా వింటున్నది. మొదట్లో అందులో ఒక్క ముల్లే విరిగేది.

"క్యాపు పెట్టినంక కొరుకుడు సరిగుందా లేదా అని నడుమల ఎర్ర కాయితం పెట్టి కొరకమంటరు. నేను కొరికిన. దవాఖాన మొత్తం కరెంటు పోయింది. అంటిచ్చెతందుకు వాళ్ల సిమెంటేదో పెడితే, నేను ఆవలిస్తెనే ఊడింది. నేనే మన ప్యాకింగుల నించి పిడికెడు తీస్కపోయిన. ఇగ గప్పటిసంది కదిల్తే ఒట్టు! మొన్న మాఘమాసంల ఆలేరు స్టేషన్ల ఏమైందో ఎరికేనా? మన సిమెంటు గూడ్సు నిలవడ్డది. రెండు డబ్బాల నడుమ కొక్కెం తెగింది. వెనక డబ్బాలు ఎనుకకు జారబట్టినయ్. ఎనుకనేమో ప్యాసింజరు బండి. స్టేషన్ మాస్టరు తలకాయ పట్టుకున్నడు. నేను దుంకి, ముందు డబ్బాను చేతులతోని పట్టుకొని, ఎనుక డబ్బా గొలుసును గీ బ్రిడ్జితోని కొరికి పట్టిన. పచ్చజెండ ఊపుండ్రి అన్న."

"నోట్ల గొలుసుంటే ఎట్లన్నవే?" అన్నాడు పోచయ్య.

"కండ్లతోని అన్న. జనగాం దాక గట్లనే పోయిన. ఆడ ఎవరో చాయ్ ఇస్తే ముక్కుతోని తాగిన."

ఈసారి నవ్వులు గేటు దాకా వినిపించాయి. బెంజమిన్ జేబులోంచి దవాఖాన చీటీ తీశాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం. పులి, గూడ్సుబండి అబద్ధాలని అతనికి తెలుసు. కానీ ముల్లు నిజం, గీకుడు నిజం, నిప్పురవ్వలు కాకపోయినా ఏదో ఒకటి లేచే ఉంటుంది. ఇనుములాంటి మారయ్య పండ్లకే అంత కథ అయితే తనవి ఏం మిగులుతాయి?

"నేను పోను," అన్నాడు. "ఉన్నయన్న మిగులుతయ్. వాయించుడు నాకు రాసిపెట్టి లేదనుకుంట." చీటీని పొయ్యి వైపు చాపాడు.

బక్కమ్మ గరిటె పక్కన పెట్టి, ఆ చీటీని చేతిలోంచి లాక్కుంది.

"ఆగు బెంజమినూ. మారన్నా, మంది నవ్వుకుంటరని రెండేండ్ల సంది నోరు మూసుకున్న. గిప్పుడు గీ పిలగాడు నీ పులి కథకు దవాఖాన ఇడిసిపెడుతుండు. జెప్పనా?"

మారయ్య చెయ్యి దవడ మీదే ఉండిపోయింది.

"గా దినం నేనూ ఆడనే ఉన్న, పక్క కుర్చీల. నాది ఏడో నంబరు, నీది ఎనిమిది. డాక్టరు నిన్ను కుర్చీల పండవెట్టిండు. మెడకు పచ్చగుడ్డ కట్టిండు. సూది తియ్యలే, మిషిను పెట్టలే. చూద్దామని గింతంత అద్దం నోట్ల పెట్టిండు, గంతే! లేసి ఉరికినవ్. గా పచ్చగుడ్డ మెడకు అట్లనే ఉంది. మిర్యాలగూడ దాక బస్సుల అందరు, మంగలి షాపుల సగం గడ్డంతోని లేసొచ్చిండనుకున్నరంట."

పోచయ్య చాయ్ ముక్కులోకి ఎక్కించుకొని దగ్గాడు. మారయ్య జనగాంలో ముక్కుతో తాగిన చాయ్ కంటే ఆ దగ్గు నిజమైనది.

"మరి నీకు గిదంత ఎట్ల తెలుసక్కా? నువ్వు ఆడికెందుకు పోయినవ్?" అన్నాడు బెంజమిన్.

బక్కమ్మ పైపెదవి వేలితో ఎత్తి చూపించింది. బెంజమిన్ వంగి చూశాడు. అన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయి, పసుపుపచ్చ మీద గోధుమరంగు చారలు. మర్రిగూడ దిక్కు పుట్టి, ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పండ్లు. ఓట్లప్పుడు ప్రతివాడూ వచ్చి మంచినీళ్లిస్తానన్న ఊళ్ల పండ్లు.

"వీట్ల మూడు నావి కావు. చెప్పు చూద్దాం."

బెంజమిన్ చెప్పలేకపోయాడు. పోచయ్య వచ్చి చూశాడు, అతనూ చెప్పలేకపోయాడు.

"బోరింగు రాడ్డు తగిలి నడుమలది ఊడింది. రంగు చూసెతందుకు డాక్టరు తీరుతీరు పండ్ల వరుస నా పెదవికి ఆనిచ్చి జూసిండు. అన్ని తెల్లగనే ఉండె. నాకు తెల్లయి వద్దు సారూ, మా ఊరి నీళ్లు ఇచ్చినయే కావాలె, లేకుంటే నవ్వినప్పుడల్ల మూడు పండ్లు ఏరే ఊరియి లెక్క కనబడతయన్న. రెండోసారి పోయినప్పుడు ల్యాబుల పనిచేసే పిల్ల ఒచ్చి, నా పండ్లు జూసుకుంట సన్నటి కుంచెతోని క్యాపుల మీద గీ చారలు ఏసింది."

ఆమె పొయ్యి మంట తగ్గించి, బెంజమిన్ పక్కన కూర్చుంది.

"నొస్తదా అంటివి. సూది కండచీమ కుట్టినట్టుంటది. గంట సేపు పెదవి నీది కానట్టుంటది, గప్పుడు చాయ్ తాగకు, కాలినా తెలవదు. గీకుతుంటే సున్నపురాయి కోసిన వాసనొస్తది, నొప్పి ఉండది. గీకినంక టెంపరరీ క్యాపులు పెడతరు. అసలుయి అయ్యేదాక కొరకకు, గట్టియి తినకు. జివ్వుమంటది, నాలుగు దినాలు. అసలుయి పెట్టినంక, దాని కింద రోజు దారంతోని తోముకోవాలె, లేకుంటే లోపల పుచ్చుతది. ఇంకొకటి. గీకిన పన్ను మళ్ల పెరగది. గది నీకు జెప్పకుంటే నేనూ మారన్న లెక్కనే అయిత."

బెంజమిన్ ముందుపండ్లను నాలుకతో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు.

"గాలి నిలుస్తదా అక్కా?"

"నాకు క్లారినెట్ తెలవదు. కొబ్బరి కొరుకుతున్న. ముందుగాలనే డాక్టరుకు జెప్పు, వాయిస్తనని. క్లారినెట్ తీస్కపో, చూపియ్యి."

బెంజమిన్ చీటీ తీసుకొని మడతలు సరిచేసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మారయ్య వైపు తిరిగాడు. "అన్నా, అద్దానికే ఎందుకు ఉరికినవ్?"

మారయ్య చెయ్యి కిందికి దించాడు. మొదటిసారి నోరు పూర్తిగా తెరిచాడు. ఎడమవైపు కింద రెండు పండ్ల జాగా ఖాళీ.

"గా అద్దంల నా నోరు నాకు కనబడ్డది," అన్నాడు. "గిన్నేండ్లు గింత దుమ్ము మింగిన్నా అని భయమైంది. డాక్టరు ఏమంటడో అని."

గేటు దగ్గర లారీ హారను కొట్టింది. బెంజమిన్ లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"పొద్దుగాల ఆరింటి బస్సు అన్నా. ఇద్దరం పోదాం. నువ్వు కిటికీ దిక్కు కూసో. తలుపు దిక్కు నేను కూసుంట."