చెరపవద్దు అని రాసిన డబ్బా

నా పేరు ప్రేమ్ వతి. భర్త కీర్తిశేషులు హరి చరణ్. వయస్సు 58 సంవత్సరాలు. నివాసం సువా నగరం, టూరక్. మా వీధి చివరి లాలీ రికార్డింగ్ స్టూడియోలో 1986 నుంచి టేపుల గది చూసుకుంటున్నాను.

మంగళవారం, 2023 ఆగస్టు 8న, ఇదే స్టేషనులో నేనిచ్చిన వాంగ్మూలం తప్పు. అబద్ధం కాదు, తప్పు. ఆ రోజు అదే నిజమని నమ్మాను. దాన్ని కొట్టివేసి ఇది రాసుకోమని కోరుతున్నాను.

సువాలో ఇన్నేళ్లుగా రికార్డయిన ఆల్బమ్‌లన్నీ ఒకచోట చేర్చాలని ఒక సంగ్రహశాల వాళ్లు అడిగారు. మా గదిలో 1976 నాటి గిటారు బృందాల దగ్గర్నుంచి ఖవ్వాలీ, భజనలు, రెగె, చర్చి పాటల దాకా ఉన్నాయి. అన్నీ ఆ ఒక్క గదిలో పాడినవే. పాత యంత్రం నడపడం తెలిసిన మనిషి ఆపిసాయి అన్న ఒక్కడే. 74 ఏళ్లు, రిటైరయి తొమ్మిదేళ్లయింది. కబురు పెడితే వచ్చాడు.

మంగళవారం ఉదయం 10.20కి తారాఇవిని అనే ఆమె లామీ నుంచి వచ్చింది. ఏదైనా కోరేటప్పుడు పెద్దల ముందు పెట్టే యంగోనా వేళ్ల కట్ట మా ముందు పెట్టి, పద్ధతిగా నేలమీద కూర్చుని, తండ్రి పాట వినిపించమని అడిగింది. ఆమె తండ్రి సాకియుసా 1979 మార్చిలో మా స్టూడియోలో ఒక ఆల్బమ్ పాడాడు. ఏప్రిల్‌లో లెవుకా వెళ్లే పడవ మునిగి చనిపోయాడు. ఆమె జూన్‌లో పుట్టింది. ఒకప్పుడు ఆ క్యాసెట్ ప్రతి బస్సులో మోగేది. ఆమెకి ఊహ తెలిసేసరికి సువా వానలకి క్యాసెట్లన్నీ బూజుపట్టి పోయాయి. తండ్రి గొంతు ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

నేను "దానికేం భాగ్యమమ్మా" అని డబ్బా తెచ్చాను. దానిమీద ఆపిసాయి అన్న చేతిరాతతో సాకియుసా పేరు, 1979, ఎర్ర సిరాతో చెరపవద్దు అని ఉంది. డబ్బా చూడగానే అన్న "ఈ రోజు వద్దు చెల్లీ, యంత్రం వేడెక్కింది" అన్నాడు. అప్పటికి యంత్రం స్విచ్ కూడా వెయ్యలేదు. "ముసలాడివయ్యావు, పద" అని నేనే రీలు ఎక్కించాను.

10.50కి టేపు తిరిగింది. హార్మోనియం వినిపించింది. తర్వాత మా అమ్మ పాడింది.

మా అమ్మ 1991లో పోయింది. తారాఇవిని కళ్లు మూసుకుని వింటోంది. కళ్లు తెరిచి "ఇది ఆడగొంతు కదా ఆంటీ? మా నాన్న ఎప్పుడొస్తాడు?" అంది.

నేను యంత్రం ఆపాను. రికార్డు చేసేవాడు అన్న కాబట్టి, పాత టేపుమీదే మళ్లీ రికార్డు చేసి చెరిపింది అన్నే అనుకున్నాను. "చచ్చినవాడి పాటమీద మా అమ్మని కూర్చోబెట్టావా? నువ్వేనా?" అని అరిచాను. ఆయన తారాఇవిని వైపు చూసి "అవును, నేనే" అన్నాడు. అంతే. పక్కనున్న ఖాళీ అల్యూమినియం రీలుతో కొట్టాను. నుదురు చిట్లింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రం ఆస్తి నాశనం చేశాడని ఆయనమీదే ఫిర్యాదు ఇచ్చాను. మీవాళ్లు టేపు స్వాధీనం చేసుకున్నారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది నా బతుకు.

అన్న చేసినదానికి రుజువు దొరుకుతుందని, బుధవారం ఉదయం 9 గంటలకి అమ్మ పోయిన 1991 నాటి టేపుల పుస్తకం తీశాను. జులై 4. "సాకియుసా రీలు తీసుకున్నాను, అమ్మ భజనలకి." రాత నాది. సంతకం నాది. మూడుసార్లు చదివాను. నాది.

అప్పట్లో మా పద్ధతి అది. క్యాసెట్ బజారులోకి వెళ్తే రీలుతో పనైపోయినట్టే, దానిమీద ఇంకొకరు పాడేవారు. కొత్త టేపు ఓడలో వచ్చేదాకా ఆగాలి. అమ్మ ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఓడ వచ్చేదాకా ఆగేది కాదు. పందొమ్మిది రోజుల తర్వాత పోయింది. ఆ నెల నెలంతా నా బుర్రలోంచి ఊడిపోయింది. అయినా ఎర్ర సిరా చూసే తీసి ఉంటాను. నాకు చదువొచ్చు.

వెంటనే అన్నని ఉంచిన ఆసుపత్రికి వెళ్లాను. "ఎందుకు నేనే అన్నావు అన్నా?" అని అడిగాను.

"ఆ పిల్ల ముందు నిన్ను నిలబెట్టమంటావా? నేనూ రికార్డు చేశాను కదా. డబ్బా చూసే చేశాను. మీ అమ్మ గొంతు ఇంకెవరూ చెరపకూడదనే మళ్లీ ఆ డబ్బాలోనే పెట్టాను" అన్నాడు. తర్వాత కట్టు తడుముకుంటూ, "చెయ్యి మాత్రం గట్టిదే చెల్లీ. టేపులు మోసీ మోసీ" అన్నాడు. నేను ఏడుస్తుంటే ఇంకో మాట చెప్పాడు. రీలు ముప్ఫై మూడు నిమిషాలది. అమ్మకి దగ్గు వచ్చి ఇరవై తొమ్మిదో నిమిషం దగ్గర ఆపేశారు. ఆ తర్వాత ఏముందో వినే ధైర్యం ఆయనకి ఇన్నేళ్లలో రాలేదట.

ఇన్‌స్పెక్టరు గారి అనుమతితో ఈరోజు శుక్రవారం, ఆగస్టు 11, ఉదయం 11.05కి కానిస్టేబుల్ లిటియానా ఎదుట ఆ టేపు మా స్టూడియోలోనే మొత్తం వేశాం. అన్న తలకట్టుతోనే నడిపాడు. తారాఇవినికి నేను జరిగిందంతా ముందే చెప్పాను. ఆమె నాకు దూరంగా నేలమీద కూర్చుంది. ఇరవై తొమ్మిది నిమిషాలు మా అమ్మని విన్నది. అంత పొడుగు భజనలు ఉంటాయని నాకు తెలియదు. నా తల్లి గొంతు ఎప్పుడు ఆగుతుందా అని నేనే ఎదురుచూశాను.

11.34కి అమ్మ దగ్గింది. టక్కుమని చప్పుడయింది. గిటార్లు, మగవాళ్ల గొంతులు వచ్చాయి. ఒక పాట చివరి భాగం. పాట అయ్యాక ఒకాయన నవ్వి, "ఆపిసాయీ, బాగా వచ్చిందా? లేకపోతే ఇంకోసారి పాడతాను, కానీ తొందరగా కానివ్వు. మా ఆవిడ బయట నిలబడింది, కడుపుతో ఉంది" అన్నాడు.

తారాఇవిని యంత్రం దగ్గరికి వెళ్లింది. దాని మీద చెయ్యి పెట్టి, "పర్వాలేదు నాన్నా, అమ్మ నిలబడుతుంది. ఇంకోసారి పాడు" అంది.

టేపు అయిపోయింది.

ఆపిసాయి అన్నమీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. కొట్టింది నేను. టేపు తీసింది నేను. ఇదంతా లిటియానా నాకు చదివి వినిపించింది. ఒకచోట "పొరపాటున తీశాను" అని రాసి ఉంటే ఆ మొదటి మాట కొట్టేయించాను. మిగిలినది నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం) ప్రేమ్ వతి