ఇస్త్రీ సెక్షన్ ప్రతినిధి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని చేసే ఆమె, కుడిచేతికి కట్టుతో ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. లోపల గుమాస్తా టీ ఊదుకుంటున్నాడు.

“అన్నా, ఇస్త్రీ మిషన్ ఆవిరి కొట్టి చెయ్యి కాలింది. రేపు మళ్ళీ దాని దగ్గరికే పొమ్మంటున్నారు. ఫిర్యాదు ఇవ్వాలి.”

“నాకు కాదమ్మా, మీ సెక్షన్ ప్రతినిధికి ఇవ్వాలి. ఆవిడ విని, నిజమేనని సంతకం పెడితేనే మిషన్ ఆపుతారు.”

“ఆవిడెవరు?”

“అదిగో, గోడమీద ఫొటో ఉంది.”

ఆమె చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గుర్తింపు కార్డు కోసం దిగిన తన ఫొటోనే అది.

“అది నేను కదన్నా!”

“అయితే నీకే ఇవ్వాలి.”

“నన్నెవరు పెట్టారు? నాతో ఒక్క మాటైనా అనలేదే!”

“నోరు మెదపని మనిషెవరని పైవాళ్ళు అడిగారు. మీ సూపర్‌వైజర్ నీ పేరు చెప్పాడు.”

“ఇప్పుడు నా గోడు నేనే వినాలా?”

“రూలు ప్రకారం అంతే. ఇంతవరకూ ఎవరూ ఇక్కడిదాకా రాలేదమ్మా, నాకూ అయోమయంగానే ఉంది.”

ఆమె కాసేపు ఫొటో వైపు, కాసేపు చేతికట్టు వైపు చూసింది.

“సరే, విన్నానన్నా.”

“ఏం విన్నావ్?”

“అంతా. పాపం, ఆ మనిషి చెప్పేది నిజమే. ఆ పెన్ను ఇటివ్వు.”

“కాలింది కుడిచెయ్యి కదా, సంతకం ఎలా పెడతావ్?”

“వంకరగా పెడతాను. మిషన్ మాత్రం ఇవాళే ఆపించు.”