చేపలు లేని శంఖం

నా పేరు ఇసిడోర్ సెరాంట్. వయసు డెబ్బై ఒకటి. ఊరు రవీన్ పల్మిస్ట్, పైవీధి, చర్చి వెనక మూడో ఇల్లు. బే ఆకులు ఉడికించి నూనె తీసే బట్టీలో నలభై ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు వృత్తి ఏమిటని కార్పొరల్ ఫాస్టిన్ గారు అడిగారు. ఎల్విరా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని మాట్లాడడమని చెప్పాను. ఆయన "విశ్రాంతి" అని రాసుకున్నారు. రెండూ ఒకటి కావు, కానీ రాసింది రాసినట్టే ఉండనివ్వండి.

ఈరోజు అక్టోబరు పదహారు, గురువారం. నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను. మా ఊరి గైడు ఎల్డికా రోబిన్ మీద రెండు ఫిర్యాదులు ఉన్నాయి. అటవీశాఖ వాళ్ళు కట్టిన గొలుసు దాటి మనిషిని మాటిల్డ్ జలపాతానికి తీసుకెళ్ళిందన్నది ఒకటి. చేపలు లేకుండా చేపల శంఖం ఊది ఊరిని మోసం చేసిందన్నది రెండోది. ఆమె గైడు బిళ్ళ ఈ గదిలోనే, ఆ సొరుగులో ఉంది. శనివారం మేజిస్ట్రేటు గారు గొలుసు దాటించిందని తేలిస్తే ఆ బిళ్ళ మళ్ళీ ఆమె మెడలోకి రాదు. ఆమెకు వేరే పని లేదు.

ఆమె నన్ను తీసుకెళ్ళలేదు. నేనే వెళ్ళాను. మొన్న ఏటి ఒడ్డున అందరూ అడిగినప్పుడు ఈ మాట చెప్పకుండా ఊరుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాను. అందుకే వచ్చాను.

ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ముందు ఒక సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా బయటినుంచి వచ్చినవాళ్ళందరికీ ఎల్విరా బల్ల మీద కూర్చుని మాటిల్డ్ గురించి చెబుతున్నాను. ఒక్క దూకున తొంభై అడుగులు పడుతుందని, కింద నల్లటి మడుగు ఉంటుందని, దానికి అడుగు లేదని, మా తాత అందులో రాయి కట్టిన తాడు వదిలితే తాడు అయిపోయింది గానీ మడుగు అయిపోలేదని. మా తాత దర్జీ. ఆయన దగ్గర ఉన్న తాడల్లా కొలత టేపు. ఇది రాయక్కర్లేదని కార్పొరల్ గారు అన్నారు. రాయమన్నాను.

అసలు సంగతి, నేను మాటిల్డ్‌ను ఎన్నడూ చూడలేదు. ఊళ్ళో ఉన్నవాడికి జలపాతం ఎక్కడికి పోతుంది? రేపు చూడొచ్చు, మాపు చూడొచ్చు అనుకుంటూ డెబ్బై ఒకటి దాకా వచ్చాను. పోయిన ఆదివారం ఎల్డికా కొట్టుకు వచ్చి, నేను చెబుతుంటే విని, "ఒక్క దూకు కాదు బాబాయ్, రెండు" అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు బయలుదేరాను. ఉడికించిన అరటికాయలు రెండు, ఉప్పుచేప ముక్క ఒకటి జేబులో వేసుకున్నాను. ఆటల మైదానం వెనక దారి ఏరు దాటే చోట, ఏడూ ముప్ఫై అయిదుకు, గొలుసు కట్టి ఉంది. దానికి ఎర్రగుడ్డ ఉంది. పైకొండల్లో వాన పడుతోందని అర్థం. నాకు అర్థం తెలుసు. గొలుసు కొక్కెం నా చేత్తో తీశాను, దాటాక మళ్ళీ తగిలించాను. ఎల్డికా అప్పటికి గైడుపనికి కూర్చునే తన పాకకే రాలేదు. మోకాలి లోతు నీళ్ళు దాటుకుని వెళ్ళాను.

ఎనిమిదీ యాభైకి మాటిల్డ్ దగ్గరికి చేరాను. రెండు దూకులే. పైది చిన్నది, రాతి మీద పడి అక్కడ కాసేపు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దూకుతుంది. మడుగు నడుము లోతు. అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. చెట్టంత ఎత్తున్న ఫెర్న్ మొక్కలు అంచుల దాకా వంగి తడుస్తున్నాయి. నేను చెప్పినదానికంటే చిన్నది. నేను చెప్పినదానికంటే బాగుంది. టోపీ తీసేసి నిలబడ్డాను. తుంపర మొహాన పడుతుంటే, నేను ఏడుస్తున్నానో లేదో నాకే తెలియలేదు.

తొమ్మిదీ పదిహేనుకు ఎల్డికా వచ్చింది. రొప్పుతోంది.

"టైరు చెప్పులు వేసుకుని దొంగపనులు చెయ్యకూడదు బాబాయ్. దారి పొడుగునా బురదలో నీ పేరు రాసుకుంటూ వచ్చావు."

"దొంగపనేముంది, చూద్దామని వచ్చాను."

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నదాన్నేనా?"

నేను టోపీ మళ్ళీ పెట్టుకున్నాను. ఆమె నా వంక చూసింది.

"ఇక్కడికి ఎన్నిసార్లొచ్చావు బాబాయ్?"

"ఇవాళ్టితో కలిపి ఒకటి."

ఆమె నవ్వింది, రాతి మీద కూలబడి నవ్వింది. "వచ్చిన ప్రతివాడూ అడుగులేని మడుగేదని నా ప్రాణం తీస్తాడు. నీ మడుగు కోసం ఈ కొండంతా తవ్వించాల్సొచ్చేది" అంది. ఇంకేదో అనబోయి ఆగింది. మడుగు వంక చూసింది. నీళ్ళు కోకో టీ రంగుకు తిరుగుతున్నాయి, పచ్చి ఆకులు కొట్టుకొస్తున్నాయి, మట్టి వాసన వేస్తోంది. "పైనుంచి వరద దిగుతోంది. నడు" అంది. నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

మేము గొలుసు దగ్గరి రేవుకు వచ్చేసరికి పదీ పది. నా నడక అంతే. ఏరు ఇంకా మోకాలు దాటలేదు, రెండడుగుల్లో గట్టెక్కుతాం అనుకున్నాం. నడిమధ్యలో ఉండగా చప్పుడు వినపడింది. ఎల్డికా నన్ను మధ్యలో ఉన్న పెద్ద రాతి మీదికి తోసి తనూ ఎక్కింది. అంతలో ఏరు రాయికి రెండు వైపులా మనిషి ఎత్తున పోతోంది. దుంగలు పోతున్నాయి. ఎవరిదో కోడిగూడు పోయింది, అందులో కోడి ఉంది.

ఎల్డికా సంచిలో వాళ్ళ నాన్న శంఖం ఉంటుంది. ఆయన జాలరి. తప్పిపోయిన జనాన్ని పిలవడానికి ఆమె దాన్ని పొట్టిగా ఒకసారి ఊదుతుంది. ఆరోజు మూడుసార్లు పొడుగ్గా ఊదింది. మూడు పొడుగు కూతలంటే చేపల బండి మైదానానికి వచ్చిందని. దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"చేపలెక్కడున్నాయే?" అన్నాను.

"ఆపదని ఊదితే ఊరు ఆలోచిస్తుంది బాబాయ్. చేపలని ఊదితే పరిగెత్తుతుంది" అంది.

పదీ ఇరవై అయిదుకు మైదానం అంచున మొదటి గిన్నె కనపడింది. అది మా వీధి మడామ్ ఓర్టాన్స్ గారి నీలం పింగాణీ బేసిన్. తర్వాత గిన్నెలు, బకెట్లు, ఒక తలదిండు గలీబు. ఓర్టాన్స్ గారు ఒడ్డున నిలబడి, "బండేదీ? ఎల్డికా, ఆ రాతి మీద ఏం అమ్ముతున్నావు?" అని అరిచారు.

"ఇసిడోర్‌ని. తాజా సరుకు, త్వరగా తీసుకోండి" అని ఎల్డికా అరిచింది.

ఆ మాటకు నవ్వబోయి జారాను. నడుము దాకా ఏట్లోకి వెళ్ళాను. ఆమె ఒక చేత్తో నన్ను అందుకుంది. ఆమె పిడికిట్లో ఉన్నది నా కుడిచేతి బొటనవేలు ఒక్కటే. రెండో చేతిలో వాళ్ళ నాన్న శంఖం. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె శంఖం వదిలేసింది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. శంఖం వదిలింది, నన్ను వదల్లేదు. వేలు కీలు తప్పడం నాకు వినపడింది. వదల్లేదు.

అప్పుడు చేపల బండి బెర్నదీన్ వచ్చాడు. రెండో ఫిర్యాదు అతనిదే. శంఖం విని, తన మైదానంలో వేరే ఎవడో చేపలు అమ్ముతున్నాడని కింది ఊరినుంచి బండి తోలుకుంటూ వచ్చాడు. "ఎవడ్రా వాడు?" అంటూనే దిగాడు, మమ్మల్ని చూశాడు, ఇంకో మాట లేకుండా మంచుపెట్టె కట్టిన తాడు విప్పాడు. తిడుతూనే విసిరాడు. మూడోసారికి అందింది. గిన్నెలు కింద పెట్టి ఊరంతా తాడు పట్టుకుంది. పదీ యాభైకి గట్టు మీద ఉన్నాం. ఓర్టాన్స్ గారు నన్ను బల్లగుడ్డలో చుట్టి, అదే నీలం బేసిన్లో కోకో టీ తెచ్చారు. అంత పెద్ద పాత్రలో నేను ఎన్నడూ ఏదీ తాగలేదు.

అటవీశాఖ గార్డు వచ్చి గొలుసు ఎవరు తీశారని అడిగాడు. నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. కానీ మాట రాకపోవడానికి కారణం అది కాదు. ఎందుకు వెళ్ళావని అడుగుతారు, ముప్ఫై ఏళ్ళుగా బల్ల మీద చెప్పిందంతా నా మీద కూలుతుంది. ఎల్డికా నా వంక చూసి, "నేనే తీసుకెళ్ళాను. బాబాయ్‌కి ఆ చోటు బాగా తెలుసు, తోడు రమ్మన్నాను" అంది. నా అబద్ధాన్ని తన మెడలోని బిళ్ళతో కప్పింది.

ఆమె తప్పేమీ లేదు. గొలుసు తీసింది నేను. జరిమానా ఏదైనా నాకు వెయ్యండి. బెర్నదీన్‌కు చెప్పేదేమంటే, ఆ శంఖం ఊదకపోతే అతని తాడు వచ్చేది కాదు, నేను ఉండేవాణ్ణి కాదు. అతనికి నేను రుణపడి ఉన్నాను. అతని తిట్లకు కూడా. శంఖాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలని రాశాడట. అది ఏటితో పాటు సముద్రానికి పోయింది. ఎవరికైనా దొరికితే, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, ఎల్డికాకు ఇవ్వండి.

ఆదివారం ఎల్విరా బల్ల మీద కూర్చుని ఇదంతా అందరికీ చెబుతాను. రెండు దూకులని చెబుతాను. మడుగు నడుము లోతని చెబుతాను.

పైన రాసింది కార్పొరల్ గారు నాకు చదివి వినిపించారు, తర్వాత నేను కూడా చదువుకున్నాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇందులో ఉన్నది జరిగింది. నా జీవితంలో ఈ మాట అనగలగడం ఇదే మొదలు.

నాకు సంతకం వచ్చు, పేరు మొత్తం రాయగలను. చేతికి కట్టు ఉంది కనక వేలిముద్ర వేస్తున్నాను. వాపు వల్ల కుడి బొటనవేలి ముద్ర గీతలు లేకుండా మరకలా పడింది. చెల్లదేమో, ఎడమది వెయ్యమని కార్పొరల్ గారు అన్నారు. ఎడమది పక్కన వేశాను. మొదటిది కొట్టెయ్యొద్దన్నాను. ఆమె పట్టుకున్నది అదే.

ఇసిడోర్ సెరాంట్, కుడి బొటనవేలి ముద్ర, ఎడమ బొటనవేలి ముద్ర.