ముత్తెన్న నేరేడు కుండ

నోట్లో మాట దాగని మనిషి ఇంట్లో కుండ దాచిపెడితే ఎట్లా ఉంటుందో ఆర్మూర్‌లో నా చాయ్ హోటల్ బెంచీకి బాగా తెలుసు. నా పేరు రాజేశ్వర్. ముత్తెన్న మార్కెట్ యార్డులో దడువాయి, అంటే పసుపు బస్తాలు తూకం వేసే మనిషి. కాంట మీద గ్రాము తేడా రానియ్యడు గానీ నోటికి మాత్రం కాంట లేదు. మద్యనిషేధం వచ్చిన ఏడు, నేరేడు పండ్ల కాలం. ఎక్సైజ్ వాళ్ళ జీపు మాక్లూర్ దాకా వచ్చి ఇండ్లు సోదా చేస్తోందని పొద్దున్నే కబురు తెలిసింది. ముత్తెన్న వచ్చి రోడ్డు కనిపించే మూలకు కూర్చున్నాడు. చాయ్ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు.

"జర మెల్లగ చెప్తున్న, నువ్వు, గీ పక్కనున్న దోస్తు గంగాదాస్ తప్ప మూడో మనిషికి తెల్వద్దు," అన్నాడు బెంచీ మీది నలుగురికీ వినబడేటట్టు. "మా చెల్లె ఏర్గట్లకెళ్ళి గంపెడు అల్లనేరేడు పండ్లు పంపింది. ఎన్నని తింటం? దొరలు పండ్లు పులవెట్టి వైన్ జేస్తరని యార్డుల ఒక సేటు చెప్పంగ విన్న. గిదేం పెద్ద పని అనుకున్న. కొత్త కుండ తెచ్చిన, పండ్లు పిసికిన, బెల్లమేసిన, మూకుడు మూసి మట్టితోని మెత్తిన, కొట్టంల మక్క సొప్ప కింద పెట్టిన. గంతే. ఇయ్యాల్టికి ఇరవై దినాలు. ఇరవై దినాల సంది నా కంటికి కునుకు లేదు రాజేశ్వర్. దొరికితే కేసు, కేసైతే లైసెన్సు పాయె, లైసెన్సు పోతే నాకు తూకమేసుడు తప్ప ఇంకో పని రాదు."

"మరి పారబొయ్యరాదే?" అన్నాను.

"పారబోస్తే మోరీల వాసన రాదా? గల్లీ గల్లీ పట్టిస్తది. గా వాసన సంగతి నీకు తెల్వదు."

బయట ఏదో హారన్ మోగింది. ముత్తెన్న సగం లేచి తొంగి చూశాడు. జక్రాన్‌పల్లి బస్సు. మళ్ళీ కూర్చున్నాడు. భయం పెరిగితే అందరికీ నోరెండుతుంది, ముత్తెన్నకు మాత్రం నోరు పెరుగుతుంది.

"మూడో దినం కుండ గుయ్యిమన్నది. అయిదో దినం గడగడ మోటరు నడిశినట్టు నడిశింది. పక్కింటోడు వచ్చి, అన్నా, కరెంటొచ్చిందా అని అడిగిండు! మా బర్రె జర వాసన పీల్చిందో లేదో, తెల్లారి పాలు పిండితే నేరేడు రంగు. ఆ పాలతోని చాయ్ పెట్టుకుంటే..."

"ఎక్కిందా?" అన్నాడు గంగాదాస్, కళ్ళు పెద్దవి చేసి.

"నిన్నే అడుగుతున్న, నీకెక్కలేదా? పోయిన అయితారం మా కొట్టంకు వచ్చి మూకుడు సందుల ముక్కు పెట్టినవా లేదా? ఆ తర్వాత ఏమైందో చెప్పు అందరికి."

గంగాదాస్ సిగ్గుపడ్డాడు. "మూడు దినాలు మంచంల పన్న. నిజమే. లేవనే లేదు."

"ఇన్నరా? వాసనకే గట్లుంటే, మరి సరుకు సంగతేంది?" ముత్తెన్న మళ్ళీ రోడ్డు చూశాడు, నుదుటి చెమట తువ్వాలతో తుడుచుకున్నాడు. "మొన్న ఏమైందో తెలుసా? పొద్దుగాల కొట్టంలకు పోయి సూస్తే మూకుడు లేదు! ఒట్టు, మా చెల్లె మీద ఒట్టు. కుండున్నది, మూకుడు లేదు. గుండె జారింది. ఎక్కడ పోయింది? లోపటి జోరుకు లేచిపోయింది! కప్పు పెంకలు చీల్చుకొని, గల్లీ దాటి, బస్టాండు దాటి సిద్ధులగుట్ట మీద పడ్డది. పైన కూసున్నోళ్ళు నెత్తులు పట్టుకొని ఉరికిన్రట."

"మీ కప్పుకు బొక్క పడ్డదా మరి?" అన్నాను.

"పెంకలు మళ్ళ సర్దుకున్నయి తమ్మీ! సరుకు గసుంటిది." ఎవరూ నవ్వకముందే అందుకున్నాడు. "గా మూకుడు పోయేటప్పుడు ఒక్క చుక్క, ఒక్కటే చుక్క, మా బాయిల పడ్డది. గా నీళ్ళు పారిచ్చిన మక్క చేను నిలవడ్తలేదు, గాలి లేకున్నా ఊగుతున్నది. ఇంకో చెంచెడు, ఎందుకో సూద్దామని, బస్సు టాంకుల పోసిన. డ్రైవర్ చాయ్ తాగ దిగిండు. బస్సు తనంతల తాను పోయింది, నిజామాబాద్ దాకా, ప్రతి స్టాపుల ఆగి, మందిని ఎక్కిచ్చుకొని, మళ్ళ..."

మాట అక్కడే ఆగిపోయింది. జీపు మా హోటల్ ముందే వచ్చి నిలబడింది. ఎస్సై, ఇద్దరు జవాన్లు దిగారు. మూడు చాయ్‌లు చెప్పి ఎదురు బెంచీ మీద కూర్చున్నారు. ముత్తెన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడే రోడ్డవతల నుంచి అతని భార్య లసుమవ్వ వచ్చింది. చంకలో కుండ. కుండ మీద మూకుడు. మట్టి మెత్తిన అంచులు నాకు స్పష్టంగా కనిపించాయి. సిద్ధులగుట్ట మీద పడ్డ మూకుడే అది.

"లసుమీ..." అన్నాడు ముత్తెన్న. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాకూ భయం వేసింది. నా హోటల్లో దొరికితే నాకూ తప్పదు కేసు.

ఆమె కుండ నా బల్ల మీద దించింది. "రాజేశ్వర్, జర గ్లాసులియ్యి. ఎండలు మండుతున్నయి, ఈ సార్లకు గూడ ఇయ్యి."

"ఏందమ్మా అది?" అన్నాడు ఎస్సై.

"నేరేడు షర్బతు సారూ."

నల్లగా, చిక్కగా గ్లాసులో పడింది. ఎస్సై ముందు వాసన చూశాడు. ముత్తెన్న కళ్ళు మూసుకున్నాడు. ఎస్సై గుక్క తాగి, నాలుకతో పెదవులు తడుముకుని, గ్లాసు ఖాళీ చేశాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

"మంచిగుందమ్మా. జర ఉప్పు తక్కువైంది." లేచి పోతూ ముత్తెన్న వంక చూశాడు. "నీకేమైంది పెద్దమనిషీ? గిన్ని చెమటలేంది? దవాఖానకు పో."

జీపు మలుపు దాటిపోయింది. తర్వాత లసుమవ్వ మొగుడి వైపు తిరిగింది.

"ఇరవై దినాల సంది నిద్ర లేదు, బువ్వ లేదు, కుక్క మొరిగితే లేచి కూసునుడు. సారా కాయవెట్టినోడు గూడ గింత భయపడడు. కొత్త కుండ ఇంట్లకొస్తే పసుపెయ్యకుంట ఉంటనా? నువ్వు మూత మెత్తకముందే దోసెడు పసుపు లోపలేసిన. మామిడికాయ తొక్కు ఖరాబు కావద్దని ఏస్తం గద, గట్లనే. మొన్న పురుగులు పడ్తయేమోనని మూకుడు తీసి, పొయ్యి మీద పెట్టి మసలవెట్టి, చల్లారనీకి మూకుడు లేకుంటనే మళ్ళ కొట్టంల పెట్టిన. గింక అది పులిసేదెప్పుడు?"

గంగాదాస్ తన గ్లాసు షర్బతు అడుగు దాకా తాగాడు. తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి నేను మూడు దినాలు ఎందుకు పన్న వదినే?"

"నీకు జరమొచ్చింది. నీ పెండ్లాం గంగామణి మా ఇంటికొచ్చి గోలీలు తీస్కపోలేదా?"

బెంచీ అంతా ఒక్కసారిగా నవ్వింది. లసుమవ్వ కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ముత్తెన్న మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. జీపు పోయిన వైపే చూస్తున్నాడు. పాపం అనిపించింది నాకు.

"అన్నా, లైసెన్సు దక్కింది. బతికిపోయినవ్," అన్నాను.

"ఏం బతుకుడు తమ్మీ," అన్నాడు. చల్లారిన చాయ్ గటగటా తాగి గ్లాసు పెట్టాడు. "గా జీపుల ఏస్కపోయినా మంచిగుండు. నా వైన్ తాగి, ఉప్పు తక్కువైందన్నడు."