టీచరక్క నోరు విప్పకుండా చెప్పిన లెక్కలు

పాస్టరు గారికి, ముందు వరసలో కూర్చున్న మా బావకి, బడి నుంచి వచ్చిన పెద్దమేడం గారికి, పనులు మానుకుని వచ్చిన అన్నలకి, అక్కలకి, తమ్ముళ్ళకి వందనాలు.

ఈ పరాయి దేశంలో వారం వారం ఈ ఆటల హాలు అద్దెకు తీసుకుని, బంతాట గీతల మీద కుర్చీలు వేసుకుని ఆరాధన చేసుకునే జనం మనం. కుర్చీ వరస కాస్త వంకర పోతే చాలు, పాట మధ్యలోనే కళ్ళు ఉరిమి చూసే మనిషి ఒకామె ఉండేది. ఇవాళ చూడండి వరసలు! పాము పాకినట్టున్నాయి. అడిగే దిక్కు లేదు. మన టీచరక్క లేదు.

పోయిన వారం బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, "కాసేపు నడుం వాలుస్తా" అని పడుకుందట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఎవరికీ ఏ కష్టమూ పెట్టకుండా వెళ్ళిపోయింది. అదొక్కటే నాకు ఆవిడ మీద కోపం. ఒక్కసారైనా మాతో సేవ చేయించుకుని ఉండాల్సింది.

నన్ను మాట్లాడమన్నది అక్క భర్త, మా బావే. "వచ్చినవాళ్ళు ఇప్పటికే చాలా ఏడ్చారు, నువ్వు మాట్లాడరా" అన్నాడు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా, నేను ఆవిడ తోడబుట్టినవాణ్ణి కాదు, ఆవిడ పనిచేసిన బడిలో బస్సు డ్రైవర్ని. నా చదువు పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, భయపడి వెనక్కొచ్చింది. మాటల్లో తప్పులుంటే మీరు సర్దుకోండి. ఆవిడైతే సర్దుకునేది కాదు, ఎర్రసిరాతో సున్నా చుట్టేది.

అక్క భోజనానికి కూర్చుంటే డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. బడి భోజనాల గదిలో ఎంత గోల ఉన్నా సరే. ఓ రోజు ఆవిడ కళ్ళు మూయగానే నేను చల్లగా ఆ కూర గిన్నె నా వైపు లాక్కున్నా. పక్కవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. అక్క కళ్ళు తెరవలేదు. ప్రార్థన మాత్రం కొంచెం గట్టిగా వినిపించింది. "ప్రభువా, నా ఎదురుగా కూర్చున్న దొంగకి మంచి అరుగుదల ఇవ్వు. ఆ కూర నిన్నటిది." అంతే! నోట్లో పెట్టుకున్న ముద్ద మింగాలా, ఉమ్మాలా? మీరే చెప్పండి. ఆవిడ తీరిగ్గా ఆమెన్ అని, సంచిలోంచి ఇవాళ్టి కూర తీసుకుని తింది.

ఆ బడిలో ఒక నియమం ఉంది. పిల్లల దగ్గర ఎవరూ తమ మతం మాట ఎత్తకూడదు. అక్క సంతకం పెట్టింది, ఆ సంతకానికి కట్టుబడింది. ఓ పిల్ల వచ్చి "టీచర్, అన్నం ముందు నిద్రపోతారెందుకు?" అని అడిగితే, "మీ అమ్మని అడుగు, ఆవిడ చెబుతుంది" అని పంపేసింది. అంత భక్తి ఉన్న మనిషి, నాలుక చివరి దాకా వచ్చిన మాటని ఎలా ఆపుకుంది? నా వల్లయితే అవుతుందా? ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కూడా ఆవిడ లెక్కలో భక్తేనేమో.

ఇక అసలు సంగతికి వస్తాను.

బావకి మూత్రపిండాలు పాడయ్యాయని మీ అందరికీ తెలుసు. రోజు మార్చి రోజు డయాలసిస్. ఆ వైద్యమంతా అక్క ఉద్యోగం మీద నడిచేది. ఉద్యోగం ఉంటే వీసా, వీసా ఉంటే ఆస్పత్రి, ఆస్పత్రి ఉంటే బావ. ఒక్క మేకు ఊడితే గోడంతా కూలుతుంది. సరిగ్గా అప్పుడు అక్క గొంతు పోయింది. జలుబు గొంతు కాదండీ, పూర్తిగా పోయింది. స్వరపేటికలో కాయలు కాశాయి, కొన్ని నెలల దాకా ఒక్క మాట మాట్లాడినా గొంతు ఇంక ఎప్పటికీ తిరిగి రాదని డాక్టరు చెప్పాడు.

మాట్లాడలేని టీచరుని ఏ బడి ఉంచుకుంటుంది? స్టీరింగ్ పట్టుకోలేని డ్రైవర్ని ఉంచుకుంటారా?

నాకు తెలిసిన విద్య ఒకటుంది. గొంతులు తీస్తాను, అదే మిమిక్రీ. బస్సులో అక్క గొంతుతో "ఒరేయ్, వరసలో!" అని అరిస్తే పిల్లలు బొమ్మల్లా ఆగిపోయేవాళ్ళు. అందుకే ఒక పథకం చెప్పాను. అక్కా, నువ్వు బోర్డు వైపు తిరిగి నిలబడు, పక్క తలుపు వెనక నిలబడి పాఠం నేను చెబుతా, ఎవడికీ తెలియదు అన్నాను. అక్క భుజాలు ఊగేలా నవ్వింది, శబ్దం లేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని బల్ల మీద రాసింది. "పిల్లల్ని మోసం చేసి బతకనురా. పైగా నీకు ఎక్కాలు రావు."

తిన్నగా పెద్దమేడం గారి గదికి వెళ్ళి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి ముందు పెట్టింది. మేడం గారు "కొన్నాళ్ళు క్లాసులో కూర్చుని చూస్తాను, పాఠం ఆగితే నేనేమీ చేయలేను" అన్నారు. మేడం గారికి మన భాష రాదు, పక్కన కూర్చున్న చెల్లెమ్మ నా మాటలు తర్జుమా చేసి చెవిలో చెబుతోంది. చెల్లెమ్మా, ఇప్పుడు చెప్పబోయే ముక్క మాత్రం మింగేయ్, నా ఉద్యోగం నాకు కావాలి.

పిల్లలు బస్సులో మర్చిపోయిన నీళ్ళ సీసాలు పట్టుకుని నేను ఆ క్లాసు కిటికీ దగ్గరే తచ్చాడాను. ఒక్క సీసా ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు నాకు పీరియడంతా పట్టింది. అక్క ఏం చేసిందో తెలుసా? నలభై రెండుని ఆరుతో భాగించి, జవాబు ఎనిమిది అని బోర్డు మీద రాసి, చేతులు కట్టుకుని నిలబడింది. తప్పు! టీచరే తప్పు చేసింది! పిల్లలు ఊరుకుంటారా? బెంచీల మీద ఎగిరి గంతులేశారు. వేలు చూపించి ఒకడిని పిలిచింది. వాడొచ్చి దిద్దాడు. ఎందుకు అన్నట్టు చెయ్యి తిప్పింది. వాడే అందరికీ వివరం చెప్పాడు. మళ్ళీ ఇంకో లెక్క, ఇంకో తప్పు. తప్పు మీద తప్పు చేసుకుంటూ పోయింది, పాఠం పరుగులు తీసింది.

వెనక బెంచీలో కూర్చున్న పెద్దమేడం గారు ఎంతసేపని ఓర్చుకుంటారు? ఓ పెద్ద లెక్క దగ్గర ఆగలేక లేచి జవాబు చెప్పేశారు. క్లాసంతా వెనక్కి తిరిగింది. అక్క పెదవుల మీద వేలు పెట్టి, ముందు చెయ్యెత్తాలి అన్నట్టు చూపించింది. మేడం గారు కూర్చున్నారు, చెయ్యెత్తారు. అక్క పిలిచిందా? పక్క పిల్లని పిలిచింది!

నా చేతిలో సీసా కింద పడింది. బావ వైద్యం ఇక్కడితో సరి అనుకున్నాను. ఆ మనిషికి కోపం వస్తే అంతే కదా? కానీ మేడం గారు ఎత్తిన చెయ్యి దించలేదు. తన వంతు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. బయటికొచ్చాక నన్ను చూసి "పాఠం ఆగలేదు, నీ సీసాలు కూడా అయిపోలేదా?" అన్నారు. ఆ వారం బావ ఎప్పటిలాగే ఆస్పత్రికి వెళ్ళాడు.

చెల్లెమ్మా, ఇది మాత్రం అక్షరం వదలకుండా చెప్పు. మేడం గారూ, ఆ రోజు మీరు దించని చెయ్యికి దణ్ణం. మా బావ ఇక్కడ కూర్చున్నాడంటే అందులో మీ వాటా ఉంది.

గొంతు తిరిగొచ్చాక అక్క మొదటి మాట దేవుడికి స్తోత్రం అయుంటుందని మీరు అనుకుంటారు. అది రెండో మాట. మొదటిది నాకు ఫోన్ చేసి "ఒరేయ్, బస్సులో నా గొంతు తీయడం ఇక ఆపు." బొంగురు గొంతు. దాంతోనే మన మధ్య పాడింది. పాత గొంతు కన్నా నయమే, నిజం చెప్పాలి.

ఇప్పుడు అక్క లేదు, ఆ ఉద్యోగం లేదు. మరి బావ? ఈ ప్రశ్నే పొద్దున్నుంచి మీరంతా గుసగుసలాడుతున్నారని నాకు తెలుసు. ఈ ఏడాది ఆఖరుదాకా వీసా, వైద్యం రెండూ బడే చూసుకుంటుందని పొద్దున సమాధి దగ్గర పెద్దమేడం గారు మాట ఇచ్చారు. ఆ తర్వాత? ఆ తర్వాత మనం ఉన్నాం. ఉన్నామా? తల ఊపితే చాలదు తమ్ముళ్ళూ, వంతులు వేసుకోవాలి. రేపటి వంతు నాది. బావా, పొద్దున్నే కింద హారన్ కొడతాను, బద్ధకించావంటే పైకొచ్చి ఎత్తుకెళ్తా.

మనల్ని ఇంత దూరంలో కూడా ఒక ఇంటి మనుషుల్లా కూర్చోబెట్టిన అక్క కోసం ఇప్పుడు కాసేపు నిశ్శబ్దంగా నిలబడదాం. నాలాంటి వాగుడుకాయకి ఇది పెద్ద శిక్షే, అయినా నోరు మూస్తాను. ఫోన్లు ఆపండి. పిల్లల్ని దగ్గరికి తీసుకోండి.

బావా, నువ్వు లేవకు. నిన్ననే సూదులు గుచ్చించుకొచ్చావు. కూర్చునే ఉండు. నీ బదులు కూడా మేమే నిలబడతాం.

అందరూ లేవండి.